అణచాళిశ అంటే ఎంత?

నా చిన్నప్పుడు, కచ్చితంగా చెప్పాలంటే నాకు ఎనిమిదేళ్ల మూడు నెలలప్పుడు, మా వాళ్లు చికిటి దగ్గరి పల్లె వదిలి బరంపురం వచ్చారు. ఊళ్లో తెలుగు బడిలో రెండు తరగతులు చదివాను. ఇక్కడ ఒడియా బడిలో మూడో తరగతిలో వేశారు. మా చెల్లి రెండో తరగతి.

కాగితం మీద ఎంత పెద్ద లెక్క ఇచ్చినా చేసేదాన్ని. నోటిలెక్కలే తప్పేవి. లెక్కల మాస్టారు అంకెలు ఒడియాలో చదివేవారు, మేం విని నోటుపుస్తకంలో కూడాలి. ఒకరోజు ఇరవై లెక్కల్లో ఏడు తప్పాయి. దసరా సెలవుల్లోపు సరిచేసుకోకపోతే రెండో తరగతికి దించేస్తానన్నారాయన. ఆ కబురు ఇంటికి మోసింది మా చెల్లే.

"అప్పా, నా పక్కన సోటుంచుతాన్లే" అని వెక్కిరించేది. మా నాయనమ్మ "ఏటే, అంత పెద్దదానివి, సెల్లి పక్కన కూకుంటావేటి?" అనేది. 

మా బడిలో ఒడియా పాఠం చెప్పే టీచరమ్మ ఉండేవారు, అందరం గురుమా అనేవాళ్లం. బుగ్గన ఎప్పుడూ పాన్ ఉండేది. నా పుస్తకం అడిగి తీసుకుని చాలాసేపు చూశారు. మర్నాడు బడి వదిలాక నన్ను వరండాలో ఆపి, సుద్దముక్క తన చేతిలోకి తీసుకున్నారు.

"నాకు మీ తెలుగు రాదు. నువ్వు అంకెలు చెప్పు, నేను రాస్తాను" అన్నారు ఒడియాలో.

అరవై మూడు అన్నాను. ఇరవై మూడు వేశారు. అరవై ఎనిమిది అన్నాను. ఇరవై ఎనిమిది వేశారు. నాకు నవ్వాగలేదు. ఆవిడ నొచ్చుకోకుండా, తప్పెక్కడో నువ్వే వెతికి చెప్పమన్నారు. ఇంకో నాలుగు అంకెలు చెప్పించుకుని రాశాక నాకు దొరికింది.

"గురుమా, మీరు మొదటి అక్షరం వినట్లేదు."

"మరి నువ్వు?" అన్నారు. నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి "అ-ణ-చా-ళి-శ" అన్నారు.

చాళిశ అంటే నలభై అని నాకు తెలుసు. అఠచాళిశ నలభై ఎనిమిది కదా, ఇది దాని తర్వాతిదనుకుని నలభై తొమ్మిది వేసేదాన్ని. ముందున్న 'అణ' అంటే ఒకటి తక్కువ అని అప్పుడు తెలిసింది. నలభైకి ఒకటి తక్కువ, ముప్పై తొమ్మిది. ఒడియాలో తొమ్మిదితో ముగిసే అంకెలు చాలావరకు అలాగే చెప్తారు.

"ఏడింటిలోనూ నీ జవాబు సరిగ్గా పది ఎక్కువ. బుర్రలేని పిల్ల ఇంత పద్ధతిగా తప్పులు చెయ్యదు" అన్నారు గురుమా.

దసరా ముందు పరీక్షలో ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. పోయిన ఆ ఒక్కటీ కూడికలో నేను చేసుకున్న తప్పు, భాషది కాదు. నా కోసం ఉంచిన చోటు ఖాళీగానే ఉండిపోయిందని మా చెల్లి రెండు రోజులు అలిగింది.

ఆ తర్వాతి ఆదివారం మా నాన్నతో బజారుకెళ్తే, తమలపాకుల బుట్ట ముందు గురుమా కనిపించారు. "ఏటమ్మా, అరవై ఆకులెందుకు? ఇరవై సాలు. మంచివి సూసి ఇయ్యి" అంటున్నారు, అచ్చం మా నాయనమ్మలాగా. నన్ను చూసి పాన్ నమిలే నోటితోనే నవ్వారు. నేను నాన్న వెనక దాక్కున్నాను.

ఇప్పుడు నాకు అరవై ఆరు. మా కోడలు ఒడియా పిల్ల, కొత్తగా తెలుగు నేర్చుకుంటోంది. పోయిన నెల చుట్టాల ముందు "అత్తయ్యకి ఇరవై ఆరు నిండాయి" అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు, ఆ వారమంతా తెలుగులో నోరు విప్పలేదు.

ఆ ఆదివారం ఒక కాగితం, పెన్ను పట్టుకుని వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. ఒడియాలో అంకెలు చెప్పమన్నాను. అది అణచాళిశ అనగానే, యాభై ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో బతికిన నేను నలభై తొమ్మిది వేశాను. కాగితం చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"అత్తయ్యా, మీరు మొదటి అక్షరం వినట్లేదు" అంది, తెలుగులో.

"మరి నువ్వు?" అన్నాను.