వాసన చూసే పిల్ల

ముదలియార్‌పేటలో మా మేడమీద అద్దెకున్న పిల్ల ఏ సీసా తెరిచినా ముందు వాసన చూసేది. ఏదో ఒక సూక్ష్మజీవి జన్యువు మార్చి, దాన్ని చీకట్లో మెరిపించాలని ఆమె పంతం.

"ఏ పురుగును పట్టుకోనుండావే?" అని అడిగాను.

"రోగం తెచ్చేదాన్ని ఇంట్లో ఎట్టా పెట్టుకుంటా అవ్వా? మనం దినామూ తినేదే. రొట్టెను పొంగించే ఈస్ట్."

అంతలో వీధిలో పిల్లలకు జ్వరాలొచ్చాయి. బేకరీలో పిండి పిసికే ఎదురింటాయన ఇనుప కడ్డీతో మేడెక్కాడు. నేను వెనకే పరిగెత్తాను.

"మా నెత్తిన రోగాలు పెంచతా ఉండావా?" అంటూ సీసాలు వరసగా పగలగొట్టాడు. అడ్డుపడిన ఆ పిల్ల ముంజేతి మీద కడ్డీ పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

మిగిలిన ఒక్క సీసానూ ఆయన ఎత్తాడు. ఆ పిల్ల ఏడవలేదు.

"పగలగొట్టు మామా. ముందు ఒకతూరి వాసన చూడు."

ఆయన మూత తీసి చూశాడు. రోజూ తన చేతులకు అంటుకునే వాసనే. ఆయనకు తెలిసిపోయింది, ముఖంలో చూశాను.

కింద వీధంతా తలెత్తి చూస్తోంది.

ఆ సీసానూ గోడకేసి కొట్టాడు.