సుందరమ్మ గారి మీదికి నెట్టిన మాట

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని గుండెల్లో మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. నన్నెరగని మీకు చెబుతున్నాను.

పందొమ్మిది వందల నలభైల్లో మదనపల్లెలో, ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఒక వానాకాలం మా వార్డెను సుందరమ్మ గారు పుంగనూరు నుంచి నాగరత్న అనే పిల్లను తీసుకొచ్చారు. నా ఈడుదే. నా పక్కన కూర్చోబెట్టి, చదువు చెప్పమన్నారు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

మొదట్లో నాగరత్న క్లాసులో నిలిచేది కాదు. గోడ దూకేది. ఎవరైనా నవ్వితే జుట్టు పట్టుకునేది. సుందరమ్మ గారు కొట్టలేదు, తిట్టలేదు. సరుకుల గది తాళాలు ఆ పిల్ల చేతికిచ్చారు. అప్పటి నుంచి తన నడకే మారిపోయింది. చిన్నపిల్లలకు జడలు వేసేది. నా దగ్గర లెక్కలు నేర్చుకుంది, నాకు పాటలు నేర్పింది. ఒకనాడు వానకు ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నప్పుడు తనే చెప్పింది: పెళ్లివారింట్లో గొలుసు తీసి పట్టుబడిందట, మద్రాసులో అలాంటి పిల్లలను ఉంచే బడిలో ఉండి వచ్చిందట. సుందరమ్మ గారికి తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదంది.

మరి నేనెందుకు ఆ పని చేశాను? అంతకుముందు సుందరమ్మ గారు ప్రతిదానికీ నన్నే పిలిచేవారు. ఇప్పుడు తనను పిలుస్తున్నారు. అంతేనా? అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని నాలో నేను ఎంత వెతుక్కున్నానో. ఒక సాయంత్రం గోరింటాకు రుబ్బుతూ, మాటల్లో మాటగా, తోటి పిల్లలకు అంతా చెప్పేశాను. తెల్లారేసరికి అందరి పెట్టెలకూ తాళాలు పడ్డాయి. అన్నాల దగ్గర తన పక్కన ఎవరూ కూర్చోలేదు.

బట్టలుతికే రాయి దగ్గర నన్ను ఆపింది.

"ఈడ మీ ఇద్దరికే తెలుసు. నువ్వు చెప్పినావా?"

"నేను యాల చెప్తానే? వార్డెనమ్మే చెప్పుంటాది."

"నువ్వు కాదు గదా. అది సాలు నాకు," అని తాళాలు నా చేతిలో పెట్టింది. "ఆయమ్మకియ్యి."

మధ్యాహ్నానికి హాస్టల్లో లేదు. సుందరమ్మ గారు పుంగనూరంతా వెతికి ఒంటరిగా తిరిగొచ్చారు. "నేనేం తక్కువ చేసినానమ్మా ఆ బిడ్డకి?" అని నన్నే అడిగారు. తల వంచుకున్నాను. ఆమె కన్నుమూసేదాకా వంచుకునే ఉన్నాను.

కుప్పం స్టేషన్లో నాగరత్న రైలెక్కుతుంటే చూశామని తర్వాత ఎవరో అన్నారు. పెళ్లయి నేను కాపురానికి వచ్చింది ఆ కుప్పానికే. ఏదో ఒక నెపంతో స్టేషనుకు వెళ్లేదాన్ని. ఆడవాళ్ల పెట్టె కిటికీల్లో ఒక్కో మొహమే చూసుకుంటూ, రైలు కదిలాక కూడా దాని వెంట నాలుగడుగులు నడిచేదాన్ని. కనిపిస్తే ఏమనేదాన్ని? తెలియదు. ఎప్పుడూ కనిపించలేదు.

ఎక్కడో ఉండి సుందరమ్మ గారిని తిట్టుకుంటూ, నన్ను మంచిదానిగా తలుచుకుంటూ ఉంటుంది. నేను భరించలేనిది అదే. నన్ను క్షమించమని అడగను. అడగడానికి తను కనబడదు, సుందరమ్మ గారు లేరు. ఒక్క మాట మాత్రం పైకి అని ఊపిరి పీల్చుకుంటాను.

నాగరత్నా, చెప్పింది నేను. ఆయమ్మ కాదు.