కలకత్తా గిటారు తీగలు, నల్లగొండ ఠాణా

1949, చలికాలం. పోలీసు యాక్షన్ అయ్యి ఏడాది దాటింది. నిజాం రాజ్యం పోయింది గని మా నల్లగొండ జిల్లాల తుపాకుల చప్పుడు ఆగలే. కమ్యూనిస్టు దళాలు గుట్టలల్ల ఉన్నయి. వాళ్ల కోసం మిలిటరోళ్లు, కొత్త పోలీసులు ఊరూరికి క్యాంపులు పెట్టిన్రు. నకిరేకల్ రోడ్డు మీద టెలిఫోను తీగలను ఎవలో కోసి పోతుండేటోళ్లు. అసొంటి రోజులల్ల నల్లగొండ బజారుల నాకొక చిన్న దుకాణం ఉండె. హార్మోనియం, తంబూర, సితారు ఏది చెడిపోయినా బాగు చేసెటోన్ని. నా పేరు సుదర్శనం. మాది కోస్గిల మగ్గం నేసే ఇల్లు. మగ్గం మీద నాకు మనసు నిలవలే. హైదరాబాదుల ఒక ఉస్తాదు దగ్గర ఆరేండ్లు పని నేర్చుకొని నల్లగొండల దుకాణం పెట్టిన.

తర్వాత ఎన్నో ఏండ్లు ఇదే పని చేసిన. ఎవలన్న "నీ పనిల మరిచిపోలేని ముచ్చట ఒకటి చెప్పు" అంటె నేను చెప్పేది గీ గిటారు ముచ్చటనే.

ఒకనాడు పొద్దున మిషన్ దవాఖాన నర్సు గ్రేసమ్మ దుకాణానికొచ్చింది. నలభై ఏండ్ల మనిషి. ఊరంతా ఆమెను అక్కా అనే పిలుస్తది. చేతుల పెద్ద డబ్బా. మూత తీసి చూపెట్టింది. లోపల గిటారు! అప్పటిదాకా నేను గిటారును బొమ్మలల్లనే చూసిన.

"మా డాక్టరమ్మ తన దేశం పోతూ నాకిచ్చి పోయింది తమ్మీ. తీగలన్నీ తుప్పు పట్టినయ్. క్రిస్మస్‌కు వార్డులల్ల పాడాలె. చేస్తవా?"

"చేస్త అక్కా" అన్న. ఎట్ల చెయ్యాల్నో మాత్రం తెల్వదు.

గిటారుకు ఆరు తీగలు. సన్నయి ఉత్త ఉక్కు తీగలు, సితారు తీగల లెక్కనే ఉంటయి. లావుయి వేరు. నడుమ ఒక ఉక్కు తీగ ఉంటది, దాన్ని కోర్ అంటరు. దాని చుట్టూ ఇంకొక సన్న తీగను దగ్గర దగ్గర చుడుతరు, అది వైండింగ్. గా చుట్టు బిర్రుగ ఉంటేనే గుడి గంట తీరు మోగుతది. అసొంటియి హైదరాబాదుల దొరకలే. ఉస్తాదును అడిగితె కలకత్తాల తీగలు చేసే చిన్న కార్ఖానా ఒకటి ఉందని పత్తా ఇచ్చిండు. నాకు ఇంగ్లీషు రాదు. గ్రేసక్కనే ఉత్తరం రాసింది.

పది పన్నెండు రోజులకు పార్సిల్ వచ్చింది. ఎంత సంబురపడ్డనో! ఆ దినమే గిటారుకు ఎక్కించిన. సన్న తీగలు మంచిగ పలికినయ్. లావు తీగలను మీటితె మాత్రం తడి గోనెసంచి మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు. బిగించిన, వదులు చేసిన, బ్రిడ్జి కింద అట్టముక్క పెట్టి చూసిన. బ్రిడ్జి అంటె తీగలు ఆనుకునే కట్టె. ఏం చేసినా అదే చప్పుడు.

"రాయి అక్కా" అన్న. "గివి తీగలా, బట్టలు ఆరేసుకునే దండేలా అని రాయి."

గ్రేసక్క నవ్వి, నా కోపాన్ని సగం చేసి ఇంగ్లీషుల పెట్టింది. కార్ఖానా నుంచి వాదులాట ఏం లేకుండ ఇంకో సెట్టు వచ్చింది. దాన్ని ఎక్కిస్తె మళ్ల గదే మొద్దు చప్పుడు! ఈసారి నా కోపం ఆగలే. "సగం చేయకు అక్కా, ఉన్నదున్నట్టు రాయి" అన్న. రాసింది.

దానికొచ్చిన జవాబు నాకు ఇంకా మంట పెట్టింది. రాసినాయన పేరు దాస్‌బాబు. తీగలు చుట్టే పనిని చూసుకునే పెద్దమనిషి. ఆ ఉత్తరం నిండా ప్రశ్నలే. గిటారు పొడుగు ఎంత? మీరు ఇంతకుముందు ఏయే వాద్యాలకు తీగలు వేసిన్రు? తీగను ముందు దేనికి తగిలిస్తరు? ఎప్పుడు కోస్తరు? చెడిపోయిన తీగలను పారేయకుండ, కోసిన ముక్కలతో సహా పంపున్రి.

"చూసినవా అక్కా! తీగ వాళ్లది, తప్పు వాళ్లది, పరీక్ష మాత్రం నాకు!"

"అడిగినదానికి చెప్పు తమ్మీ. పేషెంటు నొప్పి అని వస్తె మేం గూడ ప్రశ్నలే అడుగుతం. తిట్టనీకి అడగం" అన్నది.

ఆమె మాటకు ఒప్పుకొని ఒక్కొక్క దానికి జవాబు చెప్పిన. సితారుకు వేసినట్టే పొడుగు కొలిచి, కావలసినంత కోసి, అప్పుడు ట్యూనింగ్ పెగ్‌కు చుట్టిన అని చెప్పిన. పెగ్ అంటె తీగను బిగించే మర. చెడిపోయిన తీగలు, ముక్కలు అన్నీ కట్టి పంపిన. క్రిస్మస్‌కు ఇంక పదిహేను దినాలే ఉంది.

మూడో పార్సిల్ నా దుకాణానికి రాలే. దాని బదులు మిట్టమధ్యాహ్నం ఇద్దరు జవాన్లు వచ్చిన్రు.

"సుదర్శనం ఎవలు? నడువు ఠాణాకు."

మా ఇంటామె సద్ది గిన్నె పట్టుకొని అప్పుడే గడప ఎక్కింది. గిన్నె ఆమె చేతులనే ఉండిపోయింది. ఆ రోజులల్ల ఠాణాకు పోయినోళ్లు కొందరు మాపటికి వచ్చేది, కొందరు నెలలు దాటినా రాకపోయేది. బజారంతా నా దిక్కే చూస్తుంది.

ఠాణాల కొత్త ఇన్‌స్పెక్టర్ ఉన్నడు, గుంటూరు దిక్కు మనిషి. బల్ల మీద నా పార్సిల్ విప్పి ఉంది. చుట్టలు చుట్టలుగ తీగలు, పక్కన ఉత్తరం. మూలకు ఇద్దరు పల్లెటూరోళ్లు గోడకానుకొని కూసున్నరు. మొన్న నకిరేకల్ దారిల టెలిఫోను తీగలు కోసిన్రని పట్టుకొచ్చినోళ్లట.

"కలకత్తా నుంచి నీకు తీగలెందుకయ్యా?"

"గిటారుకు సార్. వాద్యం."

"వాద్యమా! మరి ఈ అంకెలేమిటి? ఇ పన్నెండు, బి పదహారు, జి ఇరవై నాలుగు..."

"తీగల మందాలు సార్. గేజ్ అంటరు."

"చివర మళ్లీ 'ఇ' వచ్చిందే? ఒకే మనిషికి రెండు నంబర్లా?"

"మనిషి కాదు సార్! సన్న తీగ ఒకటి, లావు తీగ ఒకటి. రెండింటి స్వరం ఒక్కటే. ఒకటి మీది స్థాయి, ఒకటి కింది స్థాయి."

ఆయన నమ్మలే. ఉత్తరం చేతికి తీసుకొని కళ్లద్దాలు సర్దుకొని, ఇంగ్లీషును తెలుగు చేసుకుంట చదివిండు. "సరే, ఇది విను. 'తీగను కోసే ముందు వంచాలి. వంచిన చోటుకు అవతల కోయాలి. వంచకుండా కోస్తే పని చెడిపోతుంది. ఇంతవరకు మీరు చేసిన రెండు ప్రయత్నాలూ చెడిపోవడానికి ఇదే కారణం.'" ఉత్తరాన్ని బల్ల మీద కొట్టిండు. "మొన్న రెండు చోట్ల తీగలు కోశారు. రెండు ప్రయత్నాలు! ఇప్పుడేమంటావు?"

నాకు పై పాణం పైనే పోవాలె. పోలే! ఆయన చదివింది నా చెవుల పడంగనే కోస్గిల మా ఇల్లు కండ్ల ముందటికొచ్చింది. పేనిన దారాన్ని ముడి వేయకుండ తెంపితె పురి అంతా గిర్రున విప్పుకొని పోతది. చిన్నప్పుడు నేను అట్ల తెంపితె మా అవ్వ నెత్తి మీద ఒక్కటి ఇచ్చేది. గిటారు లావు తీగ గూడ అదే తీరు! వంచకుండ కోస్తె వైండింగ్ లోపలి కోర్ మీది నుంచి జారుతది, కొసకెల్లి కొసదాక వదులైతది. అందుకే మొద్దు చప్పుడు! నేసేటోళ్ల ఇంట్ల పుట్టిన నాకు గీ సంగతి కలకత్తా నుంచి చెప్పాల్సి వచ్చింది!

"దొరికింది సార్, దొరికింది!" అని లేచి నిలబడ్డ. ఠాణాల ఉన్నననే సోయి లేదు. జవాను భుజం పట్టి కూసోబెట్టిండు.

"ఏం దొరికింది?"

"తప్పు దొరికింది. తప్పు నాదే! సార్, మీకు దండం పెడుత, ఆ గిటారు తెప్పియ్యున్రి. మిషన్ దవాఖానల గ్రేసమ్మ దగ్గరుంది. మీ ముందటనే ఎక్కిస్త. మోగకపోతె మీ ఇష్టం."

ఇన్‌స్పెక్టర్ ఉత్తరం పక్కకు పెట్టిండు. ఇంత సంబురంగ తప్పు ఒప్పుకునే ముద్దాయిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు. "తీసుకురండి" అన్నడు జవానుతో.

గ్రేసక్క డ్యూటీ తెల్ల చీర మీదనే, గిటారు డబ్బా ఎత్తుకొని దబదబ వచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కు నమస్కారం పెట్టి, "ఉత్తరాలు రాసింది నేను. అడగవలసింది ఉంటె నన్ను అడుగున్రి" అన్నది. నా పక్కన ఆమె నిలబడంగనే నాకు ధైర్యమొచ్చింది.

అన్నిట్ల లావు తీగను తీసుకున్న. ఒక కొసను బ్రిడ్జి దగ్గర తగిలించిన. రెండో కొసను పెగ్ దాక గుంజి, ఠాణాల ఉన్న పట్టుకారుతోని మోకాలు తీరు మడతపడేటట్టు వంచిన. ఆ మడతకు అవతల కోసిన. పెగ్ బొక్కల దోపి మర తిప్పుతున్న. జవాన్లు దగ్గరికొచ్చి నిలబడ్డరు. మూలకున్న ఇద్దరు గూడ మెడలు సాపి చూస్తున్నరు. తీగ బిగుసుకుంటుంది, బిగుసుకుంటుంది... బొటనవేలుతోని ఒక్కసారి మీటిన.

మోగింది!

మామూలుగ మోగలే. బల్ల మీది సిరా బుడ్డి అదిరింది. నా రొమ్ముల కెల్లి పోయినట్టయింది ఆ చప్పుడు. "అబ్బా!" అన్నడు నన్ను పట్టుకొచ్చిన జవాను. గ్రేసక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వుతున్ననో ఏడుస్తున్ననో నాకే తెల్వదు. మిగిలిన అయిదు తీగలు ఎట్ల ఎక్కించిన్నో, వేళ్లకు రెక్కలొచ్చినట్టు ఎక్కించిన. గ్రేసక్క చెవి దగ్గర పెట్టుకొని శ్రుతి చేసి, వార్డుల పాడే పాట ఒకటి వాయించింది. ఇన్‌స్పెక్టర్ పాట అయిపోయేదాక కదలలే.

"వెళ్లవయ్యా" అన్నడు ఆఖరుకు. "మళ్లీ పార్సిలొస్తే ముందు నువ్వే వచ్చి చెప్పు." ఉత్తరం మడిచి నా చేతుల పెట్టిండు.

నేను బయటికొచ్చిన. మూలకున్న ఆ ఇద్దరు లోపలనే ఉన్నరు. వాళ్లు నిజంగ కోసిన్రో లేదో, తర్వాత వాళ్లేమైన్రో నాకు తెల్వదు. వాళ్లు నా లెక్క మోగించి చూపెట్టేటందుకు ఏముంటది? అంత సంబురంల గూడ ఆ సంగతి మనసుల మెదిలింది. ఇప్పటికీ మెదులుతది.

దుకాణానికొచ్చి గ్రేసక్కతోని ఉత్తరం మొత్తం చదివిచ్చుకున్న. ఇన్‌స్పెక్టర్ చదవని ముక్కలు శానా ఉన్నయి. నేను పంపిన ముక్కలను దాస్‌బాబు భూతద్దం కింద పెట్టి చూసిండట. ఏ ఒక్క కొసకు మడత గుర్తు లేదట. అయినా ఆయన నన్ను ఒక్క మాట అనలే. "సితారు పనివాళ్లకు ఇది తెలిసే అవకాశం లేదు. ప్యాకెట్టు మీద మేం రాయవలసింది, రాయలేదు. తప్పు మాది. తీగలు మోగుతలేవని మీరు రాసిన రెండు ఉత్తరాలు మా పనివాళ్లందరికి చదివి వినిపించిన. ఈ ఒక్క సంగతి మీ భాషల రాసి పంపుతరా?" అని ఉంది.

దండేలు అని తిట్టిన ఉత్తరం అంతమంది ముందట చదివిన్రని సిగ్గయింది. ఆ సిగ్గుతోనే ఒక మంచి కాయితం తీసి, నా చేతిరాతతోని రాసిన: "లావు తీగను ముందు వంచున్రి. తర్వాత కోయున్రి." కింద క్షమించుమని గ్రేసక్కతోని రాయించి పంపిన.

క్రిస్మస్ నాడు దవాఖానకు నేను, మా ఇంటామె పోయినం. మంచాల మీద మిలిటరోళ్ల తూటా తగిలినోడు ఉన్నడు, దళపోళ్ల తూటా తగిలినోడు ఉన్నడు. పాటకు ఇద్దరూ తల ఊపుతున్నరు.

ఎండకాలంల మళ్ల తీగలు కావలసి వచ్చినయి. ముందుగాల ఠాణాల చెప్పి మరీ తెప్పించుకున్న. ప్యాకెట్టు చేతుల పట్టుకొని నిలబడ్డ చోటనే ఉండిపోయిన. ఇంగ్లీషు, బెంగాలీ అక్షరాల కింద తెలుగు! అచ్చు అక్షరాలు గావు, నా చేతిరాతే! కలకత్తాల ఆ అచ్చుకూటంల తెలుగు అక్షరాలు లేకపోతె, నా కాయితాన్నే చూసి బ్లాక్, అంటె అచ్చు దిమ్మె, చేయించి అచ్చేసిన్రట. వంకర 'ల' తో సహా నా రాతే. దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికి చూపెట్టిన. బజారుల చూపెట్టిన. మా ఇంటామెకు చదువు రాదు, ఆమెకు గూడ వేలు పెట్టి చదివి చూపెట్టిన.

దాస్‌బాబును నేను ఎన్నడూ చూడలే. గని నా దుకాణం నడిచినన్ని దినాలు ఆయన తీరే నడిపిన. ఎవలన్న కోపంతోని హార్మోనియం తెచ్చి బల్ల మీద పడేస్తె, తప్పు నీదా నాదా అనే మాట ఎత్తకపోయేది. "ఏం చేసినవో మొదటికెల్లి చెప్పు" అని కూసోబెట్టేది. ఎన్నోసార్లు తప్పు వాళ్లదే అయ్యేది. అది తేలినంక నేను అనే మాట ఒక్కటే: "గీ సంగతి నేను ముందుగాల్నే మీకు చెప్పాల్సింది."