సాయంత్రంలోపు తీర్చని బాకీ

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. స్కూటర్లు రెండు. ఒకటి అమ్ముకున్నాడు, రెండోది ఎక్కడ నిలిపాడో ఇప్పటికీ గుర్తు రాలేదు. సెల్‌ఫోన్లు ఐదు. పెళ్లి ఉంగరం ఒకటి. ముందు పన్ను సగం. మొత్తం పోయినట్టు రాయాలా, సగమేనా అని కాసేపు ఆలోచించి సగమే వేసుకున్నాను. స్టీలు పాత్రల కొట్టులో నాలుగో వంతు వాటా. దగ్గరి బంధువుల పెళ్లిళ్లు మూడింటికి పిలుపు. ఆఖరున భార్య, ఆరేళ్ల కూతురు. ఆ ఇద్దరినీ పోయినవాళ్ల కింద వెయ్యాలా, తిరిగి రావలసినవాళ్ల కింద వెయ్యాలా అన్నదే అప్పట్లో మా ఇంట్లో తేలని లెక్క.

ఇదంతా మా బావమరిది తాగుడు ఖాతా. నా భార్యకు తమ్ముడు. వాడి పెళ్లాం, పిల్లను తీసుకుని వ్యాసర్‌పాడిలో తన పుట్టింటికి వెళ్లిపోతూ, మా గుమ్మం ముందు ఆటో ఆపించి నాతో ఒక మాట చెప్పి మరీ వెళ్లింది.

"అన్నా, మందు మానేసినాడని నాకెవురూ ఫోన్ చెయ్యొద్దండి. ఆ మాట శానా తూర్లు విన్నా. ఆయన గొడవ ఒక్కటన్నా ఆయనే తీర్చుకున్నాడని తెలిసిన రోజు వస్తా. అంతవరకూ నేనూ పాపా ఆడే ఉంటాం."

నేను వాషర్‌మెన్‌పేట్‌లో మూడు హోల్‌సేల్ కొట్లకు లెక్కలు చూస్తాను. కాలేజీ మెట్లెక్కలేదు. పప్పుల మండీలో బస్తాలు ఎంచుతూ కూడికలు, గల్లాపెట్టె పక్కన కూర్చుని వడ్డీలు నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి మనిషిని బాగుచేయించడం కూడా సరుకు కొనడం లాంటిదే అనుకున్నాను.

వాణ్ణి మా ఇంటికి తెచ్చుకుని, మొదట గవర్నమెంటు ఆసుపత్రిలో చేర్పించాం. కొన్నాళ్లు ఉంచుకుని, చేతుల వణుకు తగ్గించి, మందులు రాసి పంపారు. "ఒంట్లోది దించాం. తలలోది ఇక్కడ దిగదు. మంచి థెరపిస్టును వెతుక్కోండి, వారం వారం వెళ్లాలి" అన్నాడు డాక్టరు.

వెతకడం నాకు చేతనైన పని. నాలుగైదు చోట్లకు ఫోన్ చేసి రేట్లు కనుక్కున్నాను. పది సిట్టింగులు ఒకేసారి మాట్లాడుకుంటే ఎంత తగ్గిస్తారని అడిగాను. ఒకచోట ఫోనెత్తిన అమ్మాయి, "సార్, ఇది బట్టల కొట్లో ఆడి నెల తగ్గింపు సేల్ కాదు" అని పెట్టేసింది.

మొదట వెళ్లింది అడయారు వైపు ఒక పెద్దమనిషి దగ్గరికి. గదిలో చేపల తొట్టి, చల్లటి గాలి, మాటంతా ఇంగ్లీషు. గంట తర్వాత బావమరిది చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు.

"ఏమడిగినాడ్రా?"

"ఎట్లా ఫీలవతా ఉండావని అడిగినాడు బావా. గుడ్ అన్నా. మళ్లీ అదే అడిగినాడు. వెరీ గుడ్ అన్నా. అంతకుమించి నాకాడ స్టాకు లేదు."

ఫీజు పద్దెనిమిది వందలు. జవాబు ఒక్కింటికి తొమ్మిది వందలు పడింది.

రెండో ఆయన తమిళం మాట్లాడేవాడు. మావాడు ఈసారి నవ్వుతూ బయటికొచ్చాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది.

"శానా మంచాయన బావా. నిన్ను కోపం తగ్గించుకోమన్నాడు."

"నన్నా?"

"ఇంట్లో మా బావ పెట్టే టార్చర్ కొంచెం చెప్పినాలే. అది సరే, ఆయన కూతురు పెళ్లంట. పెద్ద సైజు హండాలు రెండు కావాలంట. మా పాత కొట్లో రేటెంతో కనుక్కోమన్నాడు."

తప్పు ఆయనది కాదు. మావాడు ఇరవై ఏళ్లు కొట్లో నిలబడి తమిళంలో బేరమాడినవాడు. ఆ భాషలో వాడి ఎదుట కూర్చున్న ఎవరైనా లేచేలోపు ఒక గిన్నె కొనక తప్పదు. వాడు బేరమాడలేని భాష కావాలి. అది తెలుగొక్కటే. వాడు పుట్టి పెరిగింది ఈ తమిళ ఊళ్లోనే అయినా, తెలుగులో మాట్లాడింది వాళ్లమ్మతో, అక్కతో, నాతో. ముగ్గురం వాడి దగ్గర ఏమీ కొన్నవాళ్లం కాదు.

అలా పెరంబూరులో కళ్లద్దాల కొట్టు పైన మూడో మనిషి దొరికింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆవిడ, నలభై ఏళ్లుంటాయి. నేను పది వారాల డబ్బు ఒక్కసారే బల్ల మీద పెట్టి తగ్గింపు అడిగాను.

"తీసుకోనండీ" అంది. "ముందే కట్టేస్తే ఆయన మీ డబ్బు వృథా కాకూడదని వస్తారు. ఆయన కోసం రారు."

మొదటి రోజు వాడు బయటికొచ్చి, "అరగంట నోరే తెరవలేదు బావా నేను. మా అమ్మ ముందర కూచున్నట్టే ఉండాది" అన్నాడు. నాకు మనసొప్పక లోపలికి వెళ్లాను.

"మేడమ్, మాట్లాడని అరగంట ఉంది కదా, దానికి..."

"దానికే ఎక్కువ తీసుకోవాలండీ నిజానికి. ఆ అరగంట ఆయన చాలా పని చేశారు" అంది నవ్వకుండా.

నేను డబ్బిచ్చి బయటికొచ్చాను.

నాలుగు వారాలు గడిచాయి. వాడు వేరేవాళ్ల పాత్రల కొట్లో జీతానికి చేరాడు. ఒక రోజు మా వీధి చివర టీకొట్టు అన్నాచ్చి నన్ను ఆపాడు. తిరునెల్వేలి మనిషి, గట్టిగా అడిగే అలవాటు లేదు. మావాడు తాగుతున్న రోజుల్లో చేబదులుగా తీసుకున్నది, సిగరెట్లు, టీలు అన్నీ కలిపి రెండు వేల మూడు వందల నలభై ఉందని నెమ్మదిగా చెప్పాడు.

ఇక్కడ మా వర్తకుల ఇళ్లలో ఒక పద్ధతి చెప్పాలి. మా వాడు ఫలానాచోట బాకీ అని బజారులో ఒకరి నోట వింటే, దీపాలు పెట్టేలోపు ఇంట్లో ఎవరో ఒకరు తీర్చేయాలి. ఎవరు అప్పు చేశారు, ఎందుకు చేశారు అన్నది తర్వాత. బాకీ రాత్రి నిద్ర చేస్తే మర్నాడు మన మాట మీద సరుకు దిగదు. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే చేస్తూ వచ్చాను. జేబులో రెండు వేలే ఉండడంతో, సాయంత్రం వస్తానని అన్నాచ్చికి చెప్పాను.

ఆ రోజే పెరంబూరు వెళ్లే రోజు. ఆవిడ ఆ వారం నన్నూ లోపల కూర్చోమంది. వాడు బెంగపడకూడదని, అన్నాచ్చి సంగతి సాయంత్రానికి ముగిస్తానని కాస్త గర్వంగానే చెప్పాను.

ఆవిడ వాడి వైపు తిరిగింది. "పని లేదు, కొట్లో వాటా పోయింది. అప్పట్లో మీకు అప్పు ఎలా పుట్టిందండీ?"

"బావ మొగం చూసి ఇచ్చినారు మేడమ్."

"అందరూనా?"

"అందరూ. బావ సాయంత్రానికి కట్టేస్తాడు గదా. నేను అడక్కపోయినా ఇచ్చేవాళ్లు."

ఆవిడ నన్ను ఏమైనా అనేలోపే వాడు అందుకున్నాడు. "బ్యాంకుల్లో కూడా ఇంత ఈజీగా లోను దొరకదు మేడమ్. మా బావ ఏటీఎం మాదిరి. కార్డు కూడా అక్కర్లే."

నవ్వాలో కొట్టాలో తెలియలేదు. పోయిన స్కూటర్లూ ఉంగరమూ వాడి ఖాతాలో వేసుకుంటూ వచ్చాను గానీ, పెట్టుబడి ఎవరిదో ఏనాడూ చూడలేదు.

"ఈ ఒక్కటీ మీరు కట్టకండి" అంది ఆవిడ. "ఆయనది ఆయన కట్టుకోనివ్వండి."

"ఊళ్లో మా పేరు..."

"కొంచెం పోతుంది" అంది. "తట్టుకోగలరా?"

డబ్బు కట్టలేదు గానీ, తట్టుకోలేకపోయాను. ఆ సాయంత్రం టీకొట్టు ముందు నుంచి రాకుండా వెనక వీధి చుట్టి ఇంటికొచ్చాను. ఇంట్లో సంగతంతా చెప్పగానే నా భార్య అందుకుంది.

"ఏందండీ, అన్నాచ్చికి ఇయ్యలేదా? ఆ డాక్టరమ్మకేం, గుంటూరు పోతే ఆమెనెవురూ అడగరు. రేపు ఈ వీధిలో పాలపాకెట్టుకి పోవాల్సింది నేను."

మర్నాడు అన్నాచ్చే ఎదురుపడి, "ఉడంబు సరి ఇల్లియా సార్?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగాడు. బాకీ తీర్చలేదంటే నాకేదో పెద్ద జబ్బే అయి ఉండాలి. రెండో రోజుకల్లా మండీలో ఒక పాత స్నేహితుడు పక్కకు పిలిచి, చీటీలో ఏమైనా మునిగావా అని చెవిలో అడిగాడు. ఆ వారమంతా నేను బజారులో తల వంచుకుని నడిచాను, వాడు మాత్రం టీకొట్టు ముందు నుంచే పనికి వెళ్లాడు.

శనివారం వారం జీతం రాగానే వాడు వంద రూపాయలు తీసుకుని అన్నాచ్చి దగ్గరికి వెళ్లాడు. అన్నాచ్చి తీసుకోనన్నాడట, సార్ మొత్తం ఇస్తారులే అని. మావాడు అక్కడే అరగంట నిలబడి బేరమాడాడట. జీవితంలో మొదటిసారి ఎదుటివాడి చేతిలో డబ్బు పెట్టడానికి. చివరికి వంద అందించి, ఒక టీ తాగి, దాని డబ్బు వేరేగా ఇచ్చి మరీ వచ్చాడు. ఆ తర్వాత ప్రతి శనివారం అంతే.

మేము వ్యాసర్‌పాడికి ఫోన్ చెయ్యలేదు. వద్దంది కదా. ఎలా తెలిసిందో, ఐదారు వారాలయ్యాక ఒక ఆదివారం ఆమే పాపను తీసుకుని ఆటో దిగింది. దిగింది మా ఇంటి ముందు కాదు, టీకొట్టు ముందు. డబ్బు ఎవరు కడుతున్నారని అన్నాచ్చిని నిలదీసి అడిగిందట. మా మాట నమ్మే రకం కాదు. తర్వాత మా ఇంటికొచ్చింది, చేతిలో ఒకే ఒక సంచి.

"పెట్టెలు ఏవమ్మా?" అంది నా భార్య.

"ఆడే ఉండాయి వదినా. ఆ బాకీ తీరనీ, తెచ్చుకుంటా. అంతవరకూ ఈ సంచితో సరిపెట్టుకుంటాం."

మా బావమరిది తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఏమీ అమ్మబోలేదు, ఏ మాటా ఇవ్వలేదు. పాపకు ఇడ్లీ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

మధ్యలో ఒక శనివారం తప్పింది. ఎందుకు తప్పిందో వాడే సోమవారం పొద్దున పెరంబూరుకు ఫోన్ చేసి చెప్పుకున్నాడు. భార్యకూ చెప్పాడు. ఆమె సంచి సర్దుకుంటుందేమోనని నేను గుమ్మంలోనే కూర్చున్నాను, సర్దలేదు. తరువాతి శనివారం మళ్లీ వంద వెళ్లింది.

టీకొట్టు ముందు నుంచి నడిచే ప్రతిసారీ నా చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. ఒక్క నిమిషం పని, నోట్లు లెక్కపెట్టి ఇచ్చేస్తే ఆ పెట్టెలు రేపే వచ్చేస్తాయి. చెయ్యి బయటికి తీసి టీ మాత్రం తాగి వస్తాను. పద్నాలుగు శనివారాల వందలు పోను, ఇవాళ్టికి బాకీ తొమ్మిది వందల నలభై.