మా అత్త, ఆమె ఫుల్లు ఇన్సూరెన్సు

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల మామ ఫోన్ చేసి, "మీ అత్త పోయింది బిడ్డా" అన్నడు.

"ఏ దిక్కు పోయింది మామా? కారు తీసుకపోయిందా?" అని అడిగిన. అత్త రిటైరైన కాన్నుంచి మామ అట్లనే ఫోన్ చేస్తుండె. చెప్పకుండ కారేసుకొని ఎటు పోయినా, అత్త చివరికి జనగామల నా దగ్గరికే వస్తదని ఆయన నమ్మకం. "కారు ఇంటి ముందటనే ఉన్నది బిడ్డా" అన్నడు మామ. అప్పుడు సమజైంది.

మా మేనత్త నర్సు. గంగారం దిక్కు అడవి ఊర్లల్ల, తండాలల్ల పిల్లలకు టీకాలు వేసుకుంట నౌకరి మొత్తం నడిచింది. రిటైరై రేగొండల ఇల్లు కట్టుకున్నంక, "నడిచిన నౌకరికి పింఛను నాకొస్తది, నా కాళ్లకేమొచ్చింది?" అని ఒక పాత కారు కొన్నది. మామ లెక్కల సారు. డ్రైవింగు రాదు, నేర్చుకోనన్నడు. ఎడమ దిక్కు సీట్ల కూసొని, లేని బ్రేకు తొక్కుడే ఆయన పని.

"పోలీసోళ్లు ఆపితే చూపెట్టనీకి ఒక కాయితం చాలు" అని మామ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే కట్టించిండు. ఒకనాడు కోతుల మంద పక్కింటి స్లాబు మీదికెళ్లి మా అత్త కారు మీద దునికింది. టాపు సొట్టబోయింది. వైపర్లు విరిగినయి. పక్క అద్దం ఒక కోతి సంకల పెట్టుకొని పోయింది. నేను ఆ దినం అక్కడనే ఉన్న. అత్త నన్ను ఎక్కించుకొని భూపాలపల్లిల ఏజెంటు కాడికి తోలింది.

"అమ్మా, మీది థర్డ్ పార్టీ. కోతులు చేసిన దానికి రాదు" అన్నడు ఏజెంటు.

"ఎందుకు రాదు తమ్మీ? నేనొకదాన్ని, మీ కంపెనీ ఒకటి, నడుమ కోతి. మూడో పార్టీ కోతే కదా?"

ఏజెంటు కుర్చీల ఇటు జరిగి అటు జరిగిండు. "మీ బండి తోని వేరేటోళ్లకు దెబ్బ తగిలితే, వాళ్ల సామాను పాడైతే, వాళ్లకు మా కంపెనీ కడతది. మీ బండికి ఏమైనా ఈ కాయితం ముట్టుకోదు."

"అంటే నేను కోతిని గుద్దాలె గని, కోతి నన్ను గుద్దొద్దు?"

"కోతిని గూడ గుద్దొద్దు అమ్మా" అన్నడు ఆయన, చేతులు జోడించి.

బయటికొచ్చినంక అత్త నాతోని అన్నది: "సమజైంది బిడ్డా. మనం పక్కింటోళ్ల కుండ పలగ్గొడితే వాళ్లకు కొత్త కుండ. మన కుండ పలిగితే మన ఏడుపు మనకే."

సొంత బండి నష్టం గూడ కలిపిన ఫుల్లు ఇన్సూరెన్సు ఆ వారమే కట్టింది. వానకాలం రానే వచ్చింది. ఊరవుతల వాగు కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే, "మోకాలు లోతే, నేను ఇంతకన్న లోతుల నడిచిన" అని కారు దింపింది. నడుమల ఆగింది. మామ వద్దంటున్నా, తాళం తిప్పుకుంట, తిప్పుకుంట, ఇంజిన్‌కు కడుపునిండ నీళ్లు తాపింది.

ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయర్ వచ్చి చూసి, సీట్లకు, వైర్లకు వస్తయి గని ఇంజిన్‌కు రావన్నడు. నీళ్లల్ల ఆగిన బండిని మళ్ల స్టార్ట్ చేస్తే చెడిన ఇంజిన్‌కు వేరే కవర్ ఉంటదట, అది అత్త తీసుకోలే. ప్లాస్టిక్ బంపర్‌కు గూడ పాతదని సగమే ఇస్తరట. మొత్తం రావాలంటే జీరో డిప్రిసియేషన్ అని ఇంకొకటి కట్టాలె.

"ఇంజిన్ లేని ఫుల్లు ఏం ఫుల్లయ్యా? మనిషికి బీమా చేసి, గుండెకాయ లెక్కకు రాదన్నట్టున్నది!" అని అత్త ఆ సర్వేయర్‌కు చాయ్ పోసుకుంట లొల్లి పెట్టింది. తర్వాత చాన రోజులు ఆమె నోట్ల ఒకటే మాట: "ఫుల్లు మీల్సు అంటరు, పెరుగు అడిగితే వేరే అంటరు."

మరుసటి ఏడు పెరుగు, అప్పడం అన్నీ తీసుకున్నది. ఇంజిన్ కవర్, జీరో డిప్రిసియేషన్, దారిల బండి ఆగితే గుంజుకపోయేటిది గూడ. బండి ఓనరుకు యాక్సిడెంటైతే వచ్చే కవర్ చూపెట్టి మామను ఆటపట్టించేది. "నేను మంచంల పోతే దీంట్లకెళ్లి నీకేం రాదయ్యా, బండిల పోతేనే వస్తది. అందుకే రోజూ బయటికి పోతున్న, నీ మంచికే." పెండ్లిళ్లల్ల ఎవరన్న కారు కొన్నమంటే చాలు, "థర్డ్ పార్టీనా, ఫుల్లా? ఇంజిన్‌కు ఉన్నదా?" అని మొదలుపెట్టేది. ఎన్కట తండాలల్ల తల్లులను, "పిల్లగానికి సూదులన్నీ వేపిచ్చినవా?" అని ఎట్ల నిలదీసేదో అట్లనే. "టీకా జ్వరమొచ్చినంక వెయ్యరు" అనేది.

ఆ మాటలకు నవ్వెటోళ్లం. నవ్వు రాని దినం ఒకటొచ్చింది.

అత్త కారు తోలుతున్నది, నేను పక్కన కూసున్న, దేవరుప్పుల దాటినం. మలుపు కాడ టీవీఎస్ బండి మీద గడ్డిమోపు పెట్టుకొని ఒక రైతు వస్తున్నడు. అత్త చూడలే. గుద్దినం. ఆయన కాలు విరిగింది. ఎవరో కిటికీ కాడికొచ్చి, "అమ్మా, జనం కాకముందే పోండ్రి" అన్నరు. అత్త దిగింది. తన గొడుగును ఆయన కాలుకు చెక్కబద్ద లెక్క పెట్టి, నా చున్నీతోని కట్టి, "బిడ్డా, తల పట్టు" అన్నది. జనగామ దవాఖానకు మేమే తీసుకపోయినం.

మామ ఫోన్ల మొత్తుకుంటున్నడు: "తప్పు నాదని ఎవరితోని అనకు!"

"నేను చూడలే, గుద్దిన. గంతే చెప్త" అని అత్త పోలీసులకు, కంపెనీకి అదే చెప్పింది. ఆ రైతు భార్య దవాఖానల అత్తను తిట్టరాని తిట్లు తిట్టింది. అత్త తలొంచుకొని విన్నది.

కేసు కోర్టుల నడిచింది. అత్త పోయి అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పింది. రైతుకు పరిహారం కంపెనీనే కట్టాలని తీర్పొచ్చింది, కట్టింది. ఆయన కాలు అతికింది, జర కుంటుతడు. ఆ పైసలు పెరుగులకెళ్లి రాలే, అప్పడంలకెళ్లి రాలే. కోతికి రాదని అత్త ఎగతాళి చేసిన థర్డ్ పార్టీలకెళ్లి వచ్చినయి.

"నా బండి కోసం గింత చదువు చదివిన" అన్నది అత్త ఆ దినం. "ఎదుటోని కోసం ఉన్నదేమో మొదటి కాయితం. దాన్నే తక్కువ చేసిన."

ఆ రైతును గుద్దినంక నెల దినాలు అత్త కారు ముట్టలే. తర్వాత మళ్ల తోలింది, మలుపు మలుపుకు హారన్ కొట్టుకుంట. పోయిన నెల మాత్రం మంచంల్నే, నిద్రల్నే పోయింది.

నేను రేగొండ చేరేసరికి, ఇంటి ముందట టెంటు వెయ్యాలె, కారు తియ్యాలన్నరు. తాళం నాకిచ్చిండ్రు. డోరు తీసి కూసున్న. అత్త పొట్టి మనిషి. సీటు ఎంత ముందటికి జరిపి ఉన్నదంటే, నా మోకాళ్లు స్టీరింగుకు తాకినయి. మామ నెమ్మదిగ వచ్చి ఎడమ దిక్కు ఎక్కిండు. ఇరవై అడుగుల దూరానికి బెల్టు పెట్టుకున్నడు.

సీటు ఎనుకకు జరుపబుద్ధి కాలే. మోకాళ్లు మడుచుకొని అట్లనే తోలిన.