నానబెట్టని బస్తా

మా పిన్నిని అందరూ ‘వేరు పిన్ని’ అనేవాళ్ళు. కలుపు మొక్కను పైపైన తుంచేస్తే ఆమెకు తిన్నది అరగదు. వేరుతో సహా చేతికి రావాల్సిందే.

వాగు పక్కన ఆమెకు నాలుగెకరాల ఏటవాలు నేల ఉంది. బాబాయి పోయాక దాన్ని ప్రభుత్వ నేల సంరక్షణ పథకంలో చేర్చింది. దున్నకూడదు, ఎక్కడినుంచో వచ్చిపడ్డ వయ్యారిభామ కలుపును ఏరెయ్యాలి, వాళ్ళిచ్చే నాటు గడ్డి విత్తనం చల్లాలి. పదేళ్ళు వరసగా తనిఖీలో నెగ్గితే ఆ నేలను ఇక ఎవరూ తవ్వకుండా రాసిస్తారు. ఒక్కసారి తప్పినా పథకంలోంచి తీసేస్తారు. అలా తీసేసిన నేలలన్నీ కంచె అవతలి కంకర క్వారీ నోట్లోకే పోయాయి.

తొమ్మిదేళ్ళు నెగ్గింది. ఆ కలుపు పీకి పీకి చేతులనిండా దద్దుర్లే. వచ్చిన ప్రతి బస్తాలోంచీ గుప్పెడు గింజలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, వంటింటి కిటికీకి వేలాడదీసేది. గడ్డి మొలకకు ఒంటి ఆకు, కలుపు మొలకకు జంట ఆకులు. అది చూశాకే చల్లేది.

“ప్రభుత్వంవాళ్ళు పంపిందేగా పిన్నీ?” అంటే, “పంపేది వాళ్ళే, పీక్కునేది నేను కదటే!” అనేది.

పదో ఏడు బస్తాను ఆమె మరిది స్వయంగా మోసుకొచ్చాడు. విత్తనాల గోదాములో కాపలాదారు. చిన్నప్పుడే తల్లి పోతే పిన్నే పెంచింది. గింజలు నానబెట్టడం కూడా ఆమే నేర్పింది.

“వాన వచ్చేస్తోంది వదినా. నేను చూసే తెచ్చా, చల్లెయ్.”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. మా పిన్ని నమ్మి అసలు నానబెట్టనేలేదు.

పది రోజులకు నేలంతా జంట ఆకులే. నెలన్నర పిన్నీ నేనూ నడుములు విరిగేలా పీకాం. తనిఖీ అధికారికి కంచె మూలన పూతకొచ్చిన మొక్కలు మూడు దొరికాయి. “నేనేం చెయ్యనమ్మా, ఒక్కటున్నా తప్పినట్టే” అని రాసుకుని వెళ్ళిపోయాడు.

గోదామువాళ్ళ మీద ఫిర్యాదు రాయించడానికి మరిది ఇంటికి వెళ్ళాం. కిటికీకి తడిగుడ్డ మూట వేలాడుతోంది. అతని అరెకరమూ పథకంలోనే ఉంది. మలివిడత చల్లడానికి నానబెట్టుకున్నాడట. పిన్ని ముడి విప్పి చూసింది. అన్నీ ఒంటి ఆకులే.

“తొలి విడతప్పుడూ చూశావా?”

అతను తల దించుకున్నాడు. “చూశా వదినా. రెండు బస్తాలూ చూశా. నీది బాగుంది, నా దాంట్లో కలుపు వచ్చింది. అందుకని... మార్చేశా. నువ్వైతే ఎలాగైనా పీకేస్తావనుకున్నా.”

నాకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. పిన్ని మాత్రం మూటను మళ్ళీ జాగ్రత్తగా కట్టి కిటికీకి తగిలించింది. “నీళ్ళు చల్లుతూ ఉండు, ఎండిపోతాయి” అని చెప్పి బయటికి నడిచింది.

దారిలో మా కాళ్ళ దగ్గరే ఒక వయ్యారిభామ కనిపించింది. పిన్ని దాన్ని చూసింది. వంగలేదు.