కార్మిక శాఖ ఎవరికి?

ఫలితాలు వచ్చి వారం దాటినా మంత్రుల పేర్లు బయటికి రాలేదు. ముఖ్యమంత్రి ఒక్కడే ప్రమాణం చేశాడు. మిగతావాళ్లు ఢిల్లీకీ హైదరాబాద్‌కీ మధ్య తిరుగుతున్నారు. బొల్లారం వెళ్లే కంపెనీ బస్సులో ఉదయం షిఫ్టువాళ్లకు ఇంకో మాటే లేదు. ఏ జిల్లాకు ఎన్ని పదవులు, ఏ కులానికి ఎంత వాటా అని పటాన్‌చెరులో ఒక మంత్రివర్గాన్ని కట్టేవాళ్లు. ఫ్యాక్టరీ గేటు వచ్చేసరికి దాన్ని కూలగొట్టి దిగిపోయేవాళ్లు.

స్టీరింగ్ ముందు కూర్చున్న కిష్టప్ప మాత్రం ఆ ముచ్చట్లలోకి వచ్చేవాడు కాదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర పల్లె. పదకొండేళ్లుగా ఆ బస్సే నడుపుతున్నాడు. కిష్టారెడ్డిపేట మలుపులో, ఎక్కేవాళ్లెవరూ లేకపోయినా, రోజూ బస్సు ఆపుతాడు. తలుపు వైపు ఒకసారి చూసి మళ్లీ గేరు వేస్తాడు. కొత్తవాళ్లు ఎందుకని అడిగితే పాతవాళ్లు, ఆయనకది అలవాటని చెప్పేవాళ్లు.

అక్కడ లింగం నిలబడి ఉంటాడని కిష్టప్ప ఎవరికీ చెప్పలేదు. నీలం యూనిఫాం, చేతిలో సద్ది డబ్బా. బస్సు ఎక్కడు, పిలవడు. కిష్టప్ప ముఖంలోకి చూస్తూ ఉంటాడు, అంతే.

ఆ రోజు ముందు సీట్లో కూర్చున్న మొయిన్ అనే ఆపరేటర్, ఫోన్లో వార్త చదివి వెనక్కి తిరిగాడు.

"మన సునీల్‌కుమార్ సారుకు కార్మిక శాఖ పక్కా అంటున్నరు. మంచిదే. లేబర్ కష్టం ఎరికైనోడు."

బస్సు ఒక్కసారిగా ఆగింది. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. కుక్క అడ్డం వచ్చిందని కిష్టప్ప సర్ది చెప్పాడు. రోడ్డు మీద ఏ కుక్కా లేదు.

సునీల్‌కుమార్‌కు లేబర్ కష్టం తెలిసిన మాట నిజమే. ఎమ్మెల్యే కాకముందు ఆయన బొల్లారంలో ఇదే మందుల ఫ్యాక్టరీకి కూలీలను పెట్టి, షిఫ్టులు నడిపించే కాంట్రాక్టరు. కిష్టప్ప, లింగం ఇద్దరూ ఆయన కింద, రసాయనాలు ఉడికించే ఒకే రియాక్టర్ మీద పనిచేశారు. పదకొండేళ్ల కింద ఒక రెండో షిఫ్టులో, సాయంత్రం నాలుగింటప్పుడు, రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్లు రావడం ఆగిపోయింది. వేడి చూపే ముల్లు పైకి ఎక్కుతోంది. బ్యాచ్ ఆపేద్దామని లింగం అన్నాడు. ఆపాలంటే కాంట్రాక్టరు మాట కావాలి. కిష్టప్ప ఆఫీసు గదికి పరిగెత్తి ఫోన్ చేశాడు. ఆపొద్దు, పంపు బాగవుతోంది, ఇంకో పది నిమిషాలు చూడండని సునీల్‌కుమార్ జవాబిచ్చాడు. ఆ మాట పట్టుకుని కిష్టప్ప సగం దూరం వచ్చాడో లేదో, షెడ్డు పైకప్పు లేచిపోయింది.

లింగం మూడు రోజులు బతికాడు. నాలుగో రోజు కాంట్రాక్టరు దగ్గర నుంచి కిష్టప్పకు ఒక కాగితం వచ్చింది. లింగం తాగి డ్యూటీకి వచ్చాడనీ, ముల్లు చూసుకోకుండా నిద్రపోయాడనీ అందులో రాసి ఉంది. కింద సాక్షి సంతకానికి ఖాళీ వదిలారు. అప్పటికి కిష్టప్ప రియాక్టర్ల వైపు వెళ్లడమే మానేశాడు. సంతకం పెడితే లోపల పని ఉండదు, బస్సు ఇస్తామన్నారు. పెట్టాడు. ఆ మరుసటి వారం బస్సుతో మొదటిసారి కిష్టారెడ్డిపేట మలుపు తిరిగినప్పుడు, లింగం ఎప్పుడూ బస్సెక్కే చోటనే నిలబడి కనిపించాడు.

మొయిన్ వార్త చెప్పిన రెండో రోజు మధ్యాహ్నం, సునీల్‌కుమార్ స్వయంగా ఫోన్ చేశాడు. పదకొండేళ్లలో ఆ గొంతు వినడం అదే మొదలు.

"కిష్టన్నా, బాగున్నవా? రేపు టీవీవాళ్లు గేటు కాడికొస్తరు. నాతోని పనిచేసినోనివి, పాత రోజుల గురించి రెండు ముక్కలు చెప్పు. లింగం ముచ్చట ఎవలన్న తీస్తే, గా కాయితంల ఏమున్నదో గదే చెప్పు. పై నుంచి అన్నీ అడుగుతున్నరు. ఇప్పుడు ఏ మచ్చా ఉండొద్దు."

సరే అన్నాడు కిష్టప్ప. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని, ఫోన్ పెట్టేసిన తర్వాత గానీ అతనికి తెలియలేదు.

మర్నాడు పొద్దున మలుపులో బస్సు ఆపితే అక్కడ లింగం లేడు. పదకొండేళ్లలో అట్లా ఎప్పుడూ జరగలేదు. కిష్టప్ప గుండె తేలికపడి గేరు వేశాడు. తల పైన ఉన్న అద్దంలోకి చూశాడు. బస్సు నిండా మనుషులు. ఎవరికి ఏ శాఖ అని వాదించుకుంటున్నారు. వాళ్ల మధ్య, కమ్మీ పట్టుకుని, లింగం. మెడ కింద కాలిన చర్మం ఆసుపత్రిలో చూసినట్టే ఉంది. ఆ ఘాటు వాసన, ఆ రోజు షెడ్డులో ముక్కులో నిండిన వాసన, సీటు దాకా వచ్చింది. మొయిన్ ముందు సీట్లోనే కూర్చుని పల్లీలు తింటున్నాడు. అతనికేమీ తెలియడం లేదు.

గేటు దగ్గర అందరూ దిగారు. లింగం దిగలేదు. అవతల కెమెరా సర్దుకుంటున్న టీవీ మనుషులు కిష్టప్ప కోసం చూస్తున్నారు. అతను బస్సు తాళంచెవి కాపలామనిషి చేతిలో పెట్టి, పానం బాగలేదని చెప్పి, షేర్ ఆటో ఎక్కి ఆ మలుపు దగ్గరికే వెనక్కి వచ్చాడు.

లింగం భార్య రాజవ్వ కిష్టారెడ్డిపేటలోనే, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటుంది. ఒక హాస్టల్లో వంట చేస్తుంది. కూతురు నిషిత మీసేవలో దరఖాస్తులు టైపు చేస్తుంది. ఇద్దరూ పనికి బయల్దేరుతున్నారు. లింగం తల్లి బక్కమ్మ గోడకు ఆనుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఆ ముసలామెకు కొడుకు మీద కోపం. తాగి, నిద్రపోయి, పెళ్లాం పిల్లను రోడ్డు మీద వదిలిపెట్టి పోయాడని. పోయినవాళ్లను తలుచుకునే పెత్తరమాసకు వాని పేరు మీద బియ్యం కూడా ఇవ్వనిచ్చేది కాదు.

కిష్టప్ప గడప లోపల కింద కూర్చున్నాడు. ముల్లు సంగతి, ఫోన్ సంగతి, కాగితం సంగతి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాడు. చెబుతున్నంత సేపు నేల వైపే చూశాడు. రాజవ్వ ఏడవలేదు, తిట్టలేదు. నిలబడే విన్నది. అంతా అయిపోయాక బక్కమ్మ చింతపండు పక్కకు జరిపింది.

"గా దినం వాడు తాగలేదా?"

"తాగలేదవ్వా."

"పండుకోలేదా?"

"లేదు. బంద్ చేద్దామన్నది వాడే. నన్ను ఫోన్ కాడికి తోలి, వాడు ఆడనే నిలబడ్డడు."

పదకొండేండ్లు నా కొడుకును తిట్టిన అని ముసలామె ఒకసారి తనలో తాను అనుకున్నట్టు అన్నది. అప్పుడు రాజవ్వ నోరు తెరిచింది.

"మాకు చెప్పినవు. గిది చాలదు. కాయితం మీద చెప్తవా?"

నిషిత ఆ రోజు మీసేవకు ఆలస్యంగా వెళ్లింది. ముందు కిష్టప్ప చెప్పిందంతా చేత్తో రాసుకుని, అక్కడ టైపు చేసి తెచ్చింది. కలెక్టరు ఆఫీసుకొకటి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకొకటి. కిష్టప్ప రెండింటి మీదా సంతకం పెట్టాడు. ఈసారి పూర్తిగా చదివే పెట్టాడు.

వారంలోపు బస్సు పోయింది. వయసు మీరింది, ఇక రానవసరం లేదని ఫోన్లోనే చెప్పారు. తర్వాత నాలుగు రోజులకు మంత్రుల జాబితా వచ్చింది. సునీల్‌కుమార్ పేరు అందులో లేదు. కార్మిక శాఖ వేరే జిల్లాకు పోయింది. నీ అర్జీ పనిచేసిందా అని మొయిన్ ఆశగా ఫోన్ చేసి అడిగాడు. కిష్టప్ప నవ్వలేకపోయాడు. అర్జీ ఇంకా తపాలా గదిలోనే ఉందని నిషిత కనుక్కొని వచ్చింది. సునీల్‌కుమార్ కులం నుంచి ఇద్దరికి అప్పటికే ఇచ్చారు కాబట్టి మూడో మనిషికి చోటు దొరకలేదు. జరిగింది అంతే.

నిజం చెబితే లింగం వెళ్లిపోతాడని కిష్టప్ప నమ్మాడు. వెళ్లలేదు. ఇప్పుడు బస్సు లేదు కాబట్టి ఇంటికే వస్తాడు. పొద్దున చాయ్ తాగుతుంటే వాకిట్లో ఆ వాసన వస్తుంది. కిష్టప్ప భార్య మోరీ కాలువ వాసనేమోనని నీళ్లు కొడుతుంది. అతను గ్లాసు పట్టుకుని, తల ఎత్తకుండా కూర్చుంటాడు.

ఐదు నెలల తర్వాత విచారణకు రమ్మని పిలుపు వచ్చింది. సంగారెడ్డి కలెక్టరు ఆఫీసు వరండాలో రాజవ్వ, నిషిత, కిష్టప్ప ఒకే బల్ల మీద కూర్చున్నారు. బక్కమ్మ రాలేకపోయింది. లోపల గుమస్తాలు మంత్రివర్గ విస్తరణ గురించి మాట్లాడుకుంటున్నారు. ఈసారి సునీల్‌కుమార్‌కు తప్పకుండా వస్తుందని ఒకరు, పరిశ్రమల శాఖే ఇస్తారని ఇంకొకరు. రాజవ్వ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. వెళ్లిపోదామా అని నిషిత అడిగితే తల అడ్డంగా ఊపింది.

కిష్టప్పను పిలిచారు. గుమస్తా ఫైలు తెరిచి, పేరు, ఊరు, వయసు రాసుకున్నాడు. చనిపోయినాయనకు మీరేమవుతారని అడిగాడు.

ఒకే రియాక్టర్ మీద ఆరేళ్లు చేసినవాళ్లను ఏమనాలో కిష్టప్పకు తెలియదు. స్నేహితుడినని చెప్పే మొహం తనకు లేదు. గుమస్తా పెన్ను ఎత్తిపట్టుకుని చూస్తున్నాడు.

"పక్కన నిలబడవలసినోన్ని సార్," అన్నాడు.

గుమస్తా ఆ గడిలో తోటి కార్మికుడు అని రాసి, ఇక మొదటి నుంచి చెప్పమన్నాడు.